పదకొండు రాళ్ళ వరస

రెండువేల నాలుగో సంవత్సరం, ఎండాకాలం. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఇంకా రానేలేదు, అప్పుడే నల్లగుండ్లపల్లి బావుల్లో తాబేళ్ళు మెట్లెక్కి బయటికొచ్చేసినాయి. వరసగా మూడో ఏడు వాన ముఖం చాటేసిన కాలం అది.

ఆ ఊళ్ళో కొండప్ప అనే రైతు ఉండేవాడు. అరవై ఏడేళ్ళ మనిషి. ఆరెకరాల ఎర్రనేల ఉంది, దున్నడానికి ఎద్దులు లేవు. పట్టుబట్టినాడంటే ఉడుము కూడా సిగ్గుపడి వదిలేయాల్సిందే. రెండేళ్ళుగా అతను పట్టుకున్నది ఒకే ఒక వాక్యం.

ఆ వాక్యం ఒక విచారణ కాగితంలో ఉంది. రెండేళ్ళ కిందట ఇదే ఎండల్లో, మండలం ఊరి బయట మార్కెట్ యార్డులో సర్కారు విత్తన శెనక్కాయలు పంచింది. చుట్టుపక్కల ఇరవై ఊళ్ళ జనం మూడు రోజులు వరస కట్టినారు. విత్తనానికి వరస కట్టే పద్ధతి ఆ పక్క పిల్లలకు కూడా తెలుసు. మూడు రోజులు ఎండలో ఎవడూ నిలబడలేడు కాబట్టి తన చోట ఒక రాయి పెడతాడు. పెట్టేటప్పుడు ముందువాడికీ వెనకవాడికీ వినపడేటట్టు పేరు చెప్తాడు, ఇది అంజినప్ప రాయి అని. ఆ క్షణం నుంచి రాయే అంజినప్ప. దాన్ని కాలితో జరిపినవాడిని చెప్పుతో కొట్టినా అడిగే నాథుడు లేడు. గేటు తెరిచే వేళకు మనిషి వచ్చి, తన రాయి తీసి పక్కన పారేసి, ఆ చోట నిలబడతాడు.

ఆ రోజు కొండప్ప తన చోట భార్య లక్ష్మక్కను నిలబెట్టి, సీసాలో నీళ్ళు పట్టుకొద్దామని బోరింగు కాడికి పోయినాడు. పదకొండున్నరకు గేటు తెరిచినారు. తెరిచింది ఒక రెక్కే. రెండోది తెరిస్తే జనం ఎగబడతారని ఎవరో అధికారి చెప్పినాడట. ఆ ఒక్క రెక్క సందులో, అరగంటలోపల పదకొండు మంది చచ్చిపోయినారు. కొండప్ప నిండు సీసాతో తిరిగొచ్చేసరికి లక్ష్మక్కను గోనెపట్టా మీద పడుకోబెట్టి ఉన్నారు.

నెల తిరిగేసరికి విచారణ కాగితం వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, లాంతరు పెట్టి నడిపిన రాత్రిబడిలో, తన పేరు రాసుకోవడానికి కొండప్ప అక్షరాలు నేర్చుకున్నాడు. ఆ అక్షరాలు ఈ వాక్యం చదవడానికి పనికొచ్చినాయి: "గేటు సమీపమున లక్ష్మక్క అను స్త్రీ వరుసలో కూర్చుండిపోవుట వలన వెనుకనున్నవారు ఆమెపై పడి తొక్కిసలాట జరిగినది."

అంతే. ఒక రెక్క మాట లేదు. అధికారి మాట లేదు. కూర్చుండిపోవుట.

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో లక్ష్మక్క కూర్చోని సంగటి తినడం కొండప్ప చూడలేదు. పొయ్యి దగ్గర నిలబడే నాలుగు ముద్దలు మింగి చేనికి పరుగెత్తేది. అట్లాంటి మనిషి, పదకొండు మంది చావుకు కారణం కావడానికి, ఆ ఎండలో తీరుబాటుగా కూర్చుందట. జనం కూడా నమ్మినారు. చచ్చినవాళ్ళ ఇండ్లవాళ్ళు కొండప్ప ఎదురైతే దావ మార్చేవాళ్ళు. చేతిపంపు దగ్గర ఒక కుర్రవాడు మొహం మీదనే అన్నాడు, ఆయమ్మ కూర్చోకపోయింటే మా నాయన బతికేటోడని. కొండప్ప పదమూడు అర్జీలు రాసినాడు. ఆ ఒక్క వాక్యం కొట్టేయండి, నాకు ఇంకేమీ వద్దు అని. పదమూడింటికీ అందినట్టు రసీదులు వచ్చినాయి, జవాబు రాలేదు. కోపం అతనికి అన్నం అయిపోయింది. పొద్దున లేస్తూనే అదే, పడుకునేముందు అదే.

ఆ మాఘంలో ఐశ్వర్య వచ్చింది. అనంతపురం పాతూరులో బట్టల అంగడివాళ్ళ బిడ్డ. ఇంజినీరింగులో పెద్ద చదువు చదువుతోంది. గుంపులో జనం ఎట్లా నడుస్తారు, ఎడం కోసం ఒకరితో ఒకరు ఎట్లా పోటీ పడతారు అనేది ఆమె చదువు. ఆ రోజు ఎవరు యాడ నిలబడి ఉండారో చెప్తారా అని ఊరూరా తిరిగింది. అందరూ తలుపులు వేసుకున్నారు. కొండప్ప మాత్రం వరసలో తనకు గుర్తున్న చోట్లన్నీ చెప్పి, ఆమెతోపాటు బస్సెక్కి అనంతపురం పోయినాడు.

కంప్యూటరు గదిలో చల్లగా ఉంది. తెర మీద గోడ అంటే రెండు గీతలు, గేటు అంటే ఒక సందు, గేటుకు దగ్గరగా నిలబడిన జనం అంటే అరవై చుక్కలు. ఒక్కో చుక్క చుట్టూ కనపడని గుండ్రం ఒకటి ఉంటుందని ఐశ్వర్య చెప్పింది. అది ఆ మనిషి కోరుకునే చోటు. తీరుబాటుగా ఉన్నప్పుడు మూరెడు. తొందర పుట్టేకొద్దీ తగ్గిపోతుంది. ఇద్దరికీ ఒకే చోటు కావాల్సొస్తే తొందర ఎక్కువున్నవాడికి దక్కుతుంది.

"మా చేని గట్ల కాడ కూడా అంతే గదా పాపా," అన్నాడు కొండప్ప. "దీనికి కంప్యూటరు యాల?"

ఆమె నవ్వి ఒక మీట నొక్కింది. చుక్కలు కదిలినాయి. గేటు ముందర కమాను మాదిరి బిగుసుకున్నాయి. తొందర పెంచితే గేటు దాటే చుక్కలు ఎక్కువ కావాల్సింది పోయి తక్కువైనాయి. వెనకున్నవాళ్ళకు ముందేం జరుగుతాందో తెలీదు, అదే అసలు కష్టం తాతా అని చెప్పింది ఐశ్వర్య. వెనక ఒకడు అరచేత్తో మెల్లగా నెట్టినా ఆ నెట్టు మనిషి నుంచి మనిషికి పోతూ పోతూ, ఆఖరున ఎవడో ఒకడి పక్కటెముకల మీద చేరుతుంది. నెట్టినవాడికి అది తెలియనే తెలియదు.

కొండప్ప తెర మీద వేలు పెట్టి ఒక చుక్కను చూపించినాడు. "ఈమెకు ఎర్ర రంగు పుయ్యి."

నలభై సార్లు ఆడించింది. ఎర్రచుక్క నలిగింది, గోడకు ఒత్తుకుంది, ఒక్కసారి కూడా పడలేదు. కాగితంలో రాసినట్టు ఆ చుక్కను కూర్చోబెట్టి చూసింది. అప్పుడు పడినవాళ్ళంతా ఎడమపక్క పడినారు. ఆ రోజు శవాలు దొరికింది కుడిపక్క, గోడ వెంబడి.

ఐశ్వర్య గోరు కొరుక్కుంటూ లెక్కలు తిరగేసింది. "వెనకనుంచి ఎంత నెట్టినా మనిషి ముందుకే పోతుంది తాతా. మీ ఆమె కిందికి పోయింది. కిందికి నొక్కే బలం నా లెక్కలో లేదు. నేనేదో వదిలేసినాను."

రెండేళ్ళుగా కొండప్ప ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. నేనేదో వదిలేసినాను అనే మాట ఒక్క నోట వినలేదు. 

అదే మనుషులతో, అదే గేటు దగ్గర, మెల్లగా నడిపించి పైనుంచి వీడియో తీస్తే తేలుతుందని ఐశ్వర్య అనింది. తేలితే తన కాలేజీ ముద్రతో కాగితం రాసిస్తానని కూడా అనింది. ఆ అరవై మందిలో బతికున్నవాళ్ళు నలభై తొమ్మిది. నెలరోజులు కొండప్ప ఊరూరా తిరిగినాడు. తిట్టినాడు, కాళ్ళు పట్టుకున్నాడు, గడపల మీద పడుకున్నాడు. నలభై ఎనిమిది మంది ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది ఒక్కడే, సొంత బామ్మర్ది ఈరప్ప.

లక్ష్మక్కకు ఈరప్ప ఒక్కడే తమ్ముడు. వాడికి ఆరేళ్ళప్పుడు తల్లి పోతే ఆమే భుజాల మీద ఎక్కించుకుని పెంచింది. ఆ రోజు వరసలో సరిగ్గా ఆమె వెనక నిలబడినవాడు ఇతనే. బతికొచ్చినాడు గాని మనిషి మనిషిగా రాలేదు. ఇంట్లో పడుకోడు, ఆరుబయట పడుకుంటాడు. బస్సెక్కడు, తొమ్మిది మైళ్ళయినా నడిచే పోతాడు. ఆ రోజు ఏం చూసినావురా అని అడిగితే గడ్డివాము వైపు చూస్తూ కూర్చుంటాడు. అక్క మీద బెంగ అనుకున్నాడు కొండప్ప.

"నేను రాను బావా. ఆ గేటు పక్కకే రాను."

"నీ అక్క పేరు మీద ఊరంతా ఉమ్ముతాంది. రోషం లేదా నీకు?"

"రోషం లేక కాదు."

"మరి?"

ఈరప్ప గడ్డివాము వైపు తిరిగినాడు. కొండప్ప లేచి తుండుగుడ్డ దులుపుకున్నాడు. రాకపోతే ఈ గడప మళ్ళీ తొక్కనని, తను చచ్చినా శవం దగ్గరికి రావద్దని చెప్పి, ఒట్టు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచినాడు.

అనుకున్న రోజు పొద్దున ఈరప్ప అందరికంటే ముందే వచ్చి యార్డు గోడ బయట నిలబడి ఉన్నాడు.

పంట లేక యార్డు రెండేళ్ళుగా ఖాళీ. గిడ్డంగి తలుపు సందుల్లోంచి పాత గోనెసంచుల వాసన, ఎలుకల కంపు, విత్తనాలకు కలిపే మందు ఘాటు వస్తున్నాయి. రేకుల కప్పు ఎండకు ఉండి ఉండి టప్పుమంటోంది. కాకి కూడా లేదు. వాచ్‌మన్ హనుమంతరాయుడు తుప్పు పట్టిన గేటు గడియకు నూనె పోసినాడు. ఆ రోజు కూడా గేటు తీసింది అతనే.

చల్లపొద్దున చేద్దామని ఐశ్వర్య అనింది. కొండప్ప ఒప్పుకోలేదు. ఆ రోజు పదకొండున్నర, ఈ రోజూ పదకొండున్నరే అన్నాడు. లక్ష్మక్క చోట తానే నిలబడతానన్నాడు గాని, దానికి ఐశ్వర్య ఒప్పుకోలేదు.

"ఆ రోజు మీరు లేరు కదా తాతా."

ఆ మాట గచ్చముల్లు మాదిరి దిగింది. గోడ పక్కకు పోయి నిలబడినాడు.

అందరికీ పసుపుపచ్చ కాగితం టోపీలు పెట్టినారు, పైనుంచి వీడియోలో తలలు తెలియడానికి. ఓబమ్మ అనే డెబ్భై ఏళ్ళ ముసలామె టోపీ పెట్టుకుని, పెండ్లికూతురి మాదిరి ఉండానా అని అందరినీ అడిగింది. ఎవరో, నీకింకా సావు రాలేదేమవ్వా అంటే, వరసలో నా ముందర శానామంది ఉండారు నాయనా అనింది. జనం నవ్వినారు. మొదటిసారి ఆ గేటు ముందర నవ్వు వినపడింది.

ఐశ్వర్య కెమెరాతో గిడ్డంగి కప్పు మీదికెక్కింది. పొట్టి ఈల వేస్తే నడవాలి, పొడుగు ఈల వేస్తే నిలబడాలి.

చచ్చిన పదకొండు మంది చోట్లు ఖాళీగా ఉంచాలి. వేరేవాళ్ళను నిలబెడదామంటే ఏ ఊరివాడూ ఒప్పుకోలేదు. అందుకని ఆ చోట్లలో సున్నంతో గుండ్రాలు గీసినారు. పదకొండున్నరకు ముందు, అలవాటుకని రెండుసార్లు నడిచినారు, రెండుసార్లూ అందరూ గుండ్రాలు తొక్కుకుంటూ పోయినారు. పైనుంచి ఐశ్వర్య తల పట్టుకుంది. లెక్క చెడిపోతోంది.

"సున్నం గీతను ఎవడు లెక్కచేస్తాడు పాపా," అన్నాడు కొండప్ప. "మావోళ్ళు లెక్కచేసేది రాయిని."

గోడ వారగా పోయి, మోయగలిగినంత రాళ్ళు పంచెలో వేసుకొచ్చినాడు. మూడు దఫాలు తిరిగినాడు. ఒక్కో గుండ్రంలో ఒక్కో రాయి పెట్టినాడు. పెట్టేటప్పుడు, చెయ్యి కంటే ముందు నోరు ఆడింది. ఏళ్ళ తరబడి వరసల్లో నిలబడిన అలవాటు, అంతకుమించి ఏం లేదు. ఇది తిప్పేష్ రాయి. ఇది బయమ్మ రాయి. ఇది మల్లికార్జున రాయి. వెనకవాళ్ళకు వినపడేటట్టు, గట్టిగా, పదకొండు పేర్లూ చెప్పుకుంటూ పోయినాడు. ఆఖరిది చేతిలో కాసేపు పట్టుకున్నాడు.

"ఇది లక్ష్మక్క రాయి."

ఆ రాయి వెనకనే నిలబడిన ఈరప్ప కండ్లు మూసుకున్నాడు.

ఓబమ్మ నోట్లోని పొగాకు ఉమ్మేసింది. "ఏమప్పా కొండప్పా, పేరు చెప్పి పెడితివే."

"అయితే ఏమి?"

"ఉత్త రాయి అయితే రాయే. పేరు చెప్పి పెడితే గేటు తెరిచేటప్పటికి మనిషి రావల్ల. వస్తే వాండ్లను పొమ్మనేది ఎవరు?"

కొండప్పకు కోపం వచ్చింది. బతికున్నోళ్ళు చేసిన పనికి చచ్చినోళ్ళకు యాల భయపడేది, పక్కకు పోయి కూర్చో అవ్వా అన్నాడు. నా చోటు నేను ఇడ్సను అని ఓబమ్మ టోపీ సరిచేసుకుంది.

పదకొండున్నర. నీడలు కాళ్ళ కిందికి చేరినాయి. ఎర్రమట్టి నుంచి లేచే సెగలో గేటు ఊగుతున్నట్టుంది.

పొట్టి ఈల మోగింది. హనుమంతరాయుడు ఒక రెక్క తెరిచినాడు.

టక్.

ఏదో రాయి రాతికి తగిలిన చప్పుడు. కొండప్ప తల తిప్పినాడు. తిప్పేష్ రాయి గుండ్రంలో లేదు. మూరెడు అవతల, పక్కన పడి ఉంది.

టక్.

బయమ్మ రాయి. ఎవరూ వంగలేదు. ఎవరి కాలూ తగల్లేదు. రాయి తనంతట తాను లేచి, ఎవరో చేత్తో తీసి పారేసినట్టు పక్కకు పడింది.

టక్... టక్... టక్...

కొండప్ప లెక్కపెట్టినాడు. లెక్కపెట్టకుండా ఉండలేకపోయినాడు. పదకొండు.

మొదట ఎవరికీ ఏం తెలియలేదు. నవ్వుతూనే నాలుగడుగులు వేసినారు. తరువాత ఆ నవ్వు ఒక్కొక్క నోటా ఆగిపోయింది. గుండ్రాలు ఖాళీగానే ఉన్నాయి. కాని వాటి పక్కనున్నవాళ్ళ భుజాలు లోపలికి వంగుతున్నాయి. మోచేతులు పొట్టకు ఒత్తుకుంటున్నాయి. ఒకామె పైట, ఎవరి నడ్డికో చిక్కుకున్నట్టు, గాలిలో బిగుసుకుంది.

గోనెసంచుల వాసన పోయింది. దాని బదులు చెమట... తడిసిన బట్ట... మూడు రోజులు కడగని వొళ్ళు... తమలపాకు, ఆముదం రాసిన జుట్టు. కొండప్పకు ఆ వాసన తెలుసు.

ఓబమ్మ తన ఎడమపక్కకు తిరిగి, మెల్లగా, "జరుగు తల్లీ... కొంచెం జరుగు," అనింది. ఆ పక్కన ఎవరూ లేరు. ఆమె పక్కకు ఒరుసుకుంటూ, ఒరుసుకుంటూ, గేటు సందులోంచి అవతల పడింది. టోపీ చినిగిపోయి ఉంది.

దాంతో జనం చెదిరిపోయినారు. ముందున్నవాళ్ళు గేటు దాటి పరుగెత్తినారు, వెనకున్నవాళ్ళు వెనక్కే పరుగెత్తినారు. ఎవరూ అరవలేదు. అరవడానికి ఊపిరి కావాలి. నిమిషం తిరిగేసరికి గేటు ముందర ఎవరూ లేరు.

ఈరప్ప ఒక్కడే ఉన్నాడు.

పట్టపగటి ఎండలో, ఖాళీ నేల నడుమ, చేతులు రెండూ రొమ్ముకు అతుక్కుని, గడ్డం పైకెత్తి నిలబడి ఉన్నాడు. నోరు తెరుచుకుంది. మడమలు నేలకు ఆనడం లేదు.

"ఈరప్పా!" కొండప్ప గోడ వదిలి పరుగెత్తినాడు.

మూడు బారల దూరంలో ఏదో తగిలింది. మెత్తగా, వెచ్చగా, తడిగా. వీపు. దాని పక్కన ఇంకో వీపు. కంటికి ఎండ తప్ప ఏమీ కనపడటం లేదు, చేతికి మాత్రం మనుషులు తగులుతున్నారు. కొండప్ప జీవితంలో వెనకడుగు వెయ్యనివాడు. భుజం ఆనించి నెట్టినాడు. మోచేత్తో సందు చేసుకుని దూరినాడు. నాలుగు పక్కలా వొళ్ళు మూసుకుపోయింది. వెలుతురు తగ్గింది... ఇంకా తగ్గింది. మిట్టమధ్యాహ్నం, నెత్తిన సూర్యుడు ఉండగా, అతని చుట్టూ చీకటి పడింది. ఎవరిదో ఊపిరి మెడ మీద తగులుతోంది. ఇంకొక అడుగు. ఇంకొక నెట్టు...

పైనుంచి ఐశ్వర్య గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వినపడింది. ఆయన పక్కన ఎవరూ లేరు తాతా, పోయి పట్టుకోండి అంటోంది.

చీకట్లో ఈరప్ప ముఖం ఒక్కటే తెలుస్తోంది. రెండు బారల దూరం.

"బావా... నెట్టద్దు."

"తట్టుకో, వస్తాండా."

"నువ్వు నెట్టితే... నాకు తగుల్తాంది."

కొండప్ప ఆగినాడు. తెర మీద చుక్కలు గుర్తుకొచ్చినాయి. మనిషి నుంచి మనిషికి పోయే నెట్టు. వెనక్కి తగ్గాలి. తగ్గితే వాడికి ఊపిరాడుతుంది. ఒక కాలు వెనక్కి తీసినాడు కూడా.

"అక్క కూర్చోలేదు బావా."

ఎంత మెల్లగా అన్నాడంటే, చెవిలో అన్నట్టుంది.

"నాకు ఊపిరాడలేదు. అక్క భుజాల మీద కాళ్ళు పెట్టి... ఎక్కినా. ఎక్కు నాయనా, బిరీన ఎక్కు అనింది. మోసింది బావా. కొంచేపు మోసింది... ఆమీట నేను గోడ పట్టుకున్నా. కిందికి చూడలేదు."

కిందికి నొక్కే బలం.

రెండేళ్ళు. పదమూడు అర్జీలు. చేతిపంపు దగ్గర కుర్రవాడి మాట. ఊరు ఊరంతా ఆమె పేరు మీద ఉమ్ముతుంటే, వీడు తన ఎదురుగా కూర్చుని సంగటి తిన్నాడు. నోరు తెరవలేదు. ఒక్క మాట. ఒక్క మాట చెప్పి ఉంటే... కొండప్ప నెత్తురు మొత్తం తలలోకి ఎక్కింది. రెండు అరచేతులూ ఎదురుగా ఉన్న వీపు మీద ఆనినాయి. అది నెట్టితే ఎక్కడ తగులుతుందో అతనికి తెలుసు.

తెలిసే నెట్టినాడు.

ఒక్కటే నెట్టు. వొంట్లో ఉన్న బలమంతా.

ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడు వినపడింది. ఒకటి కాదు. వరసగా.

పొడుగు ఈల మోగింది. చీకటి లేదు. వాసన లేదు. కొండప్ప చేతులు ముందుకు చాచి, ఖాళీ నేల మీద, ఎండలో నిలబడి ఉన్నాడు. రెండు బారల అవతల ఈరప్ప, పట్టుకున్నవాళ్ళు వదిలేసినట్టు, మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగినాడు.

పోలీసులు వచ్చి ఎండదెబ్బ అని రాసుకున్నారు. ఆ ఎండాకాలం ఎవరు పోయినా వాళ్ళు రాసేది అదే. ఐశ్వర్య కెమెరా మూటగట్టుకుంటూ ఏడ్చింది. బస్సెక్కే ముందు కొండప్పను ఒకే ఒక మాట అడిగింది.

"ఆఖరున మీరు రెండు చేతులతో నెట్టినారు తాతా. వీడియోలో ఉంది. ఏం నెట్టినారు?"

కొండప్ప ఆమె ముఖం చూడలేదు. ఏం విన్నాడో చెబితే, విన్న తరువాత ఏం చేసినాడో చెప్పాల్సొస్తుంది. బస్సు వస్తే ఆమె ఎక్కింది. అనంతపురం నుంచి మళ్ళీ ఆ ఊరికి రాలేదు. ఏ ముద్రతోనూ ఏ కాగితమూ రాలేదు.

మరుసటి రోజు శవానికి నీళ్ళు పోసేది అక్క మొగుడిగా కొండప్ప వంతుకు వచ్చింది. పక్కటెముకలు రెండు వైపులా లోపలికి పోయి ఉన్నాయి. చెంబుతో నీళ్ళు పోసి, మట్టి రుద్దుతూ భుజాల దగ్గరికి వచ్చినాడు.

రెండు భుజాల మీదా పాదం గుర్తులు ఉన్నాయి. మడమ, అయిదు వేళ్ళు, కమిలిపోయి నల్లగా, కుడిది కుడి భుజం మీద, ఎడమది ఎడమ భుజం మీద. ఎవరో ఎక్కి నిలబడిన గుర్తులు.

కొండప్ప తన జాన పక్కన పెట్టి చూసినాడు. జానకు రెండు వేళ్ళు తక్కువ. ఆరేళ్ళ పిల్లవాడివి.

ఆ రోజు యార్డులో చచ్చిన పదకొండు మందిలో పిల్లలు లేరు.

ఇంకో చెంబు పోసి గట్టిగా రుద్దినాడు. పోలేదు. అట్లే కొత్తబట్ట కప్పినాడు.

సాయంత్రం ఈరప్పను పూడ్చినారు. వయసు ముప్పై ఎనిమిది. విచారణ కాగితంలో లక్ష్మక్క పేరు అట్లే ఉంది.